నీలి చుక్క పెట్టని ట్యూబు

నా భార్య మీద నా కుళ్ళు ఒక ఒంటెతో మొదలైంది.

నవ్వితే నవ్వండి. శామీర్‌పేట దాటి లోపలికి పోతే మా పరిశోధన సంస్థ. దాని వెనక జంతువుల షెడ్డు. కుందేళ్ళూ ఎలుకలూ ఉండే ఆ షెడ్డు పక్కన నా భార్య హైమ ఒక ఆడ ఒంటెను తెచ్చి కట్టించింది. పాతబస్తీలో ఒంటెలు అమ్మే మనిషి దగ్గర కొంది. దాని పేరు చాందిని. అది నోట్లో ఏదో నములుతూ, వచ్చేపోయే శాస్త్రవేత్తలను చిన్నచూపు చూస్తూ నిలబడేది. సంస్థంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. హైమకు 'ఒంటె డాక్టరమ్మ' అని పేరు పెట్టింది కూడా నేనే. ఆ పేరు పెట్టినందుకు ఆమె నాతో పాటు నవ్వింది. రాజమండ్రి మనిషి, నవ్వడానికి వెనకాడదు. రెండేళ్ళు తిరిగేసరికి నవ్వడం మానేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పేరు మురహరి. తొమ్మిదేళ్ళుగా ఒకే ఒక్క ప్రోటీన్ వెంట పడి తిరుగుతున్నాను. అది మా ఇంటి ప్రోటీన్. మా నాయన వంశంలో తరానికొకరికైనా అది వంకరగా తయారవుతుంది. వంకర తిరిగింది పోయి నరాల మీద పేరుకుంటుంది. కొన్నాళ్ళకు జిగురులా ముదురుతుంది. లోపలున్న నరం ఊపిరాడక చస్తుంది. కుడిచేతి చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలినే మొద్దుబారుస్తూ అరచేతికీ, మోచేతికీ, ఆఖరికి గుండెకూ చేరుతుంది. నాయన పోయినప్పుడు నాకు పదేళ్ళు, మా బాలమణి అక్కకు పంతొమ్మిది. నాయన కండక్టరు ఉద్యోగం అక్కకు ఇచ్చారు. సిద్దిపేట నుంచి జూబ్లీ బస్టాండుకు బస్సులో తిరుగుతూ అక్క నన్ను పెంచింది, చదివించింది, నాకు కోపం వస్తే బతిమాలింది, నేను తప్పు చేస్తే వీపు విమానం మోత మోగించింది.

నాయన వేళ్ళు మొద్దుబారే రోజుల్లో అక్క ఒక ఆట కనిపెట్టింది. నాయన కళ్ళు మూసుకోవాలి. మేం ఒక వేలు ముట్టుకుంటాం. ఏ వేలో చెప్పాలి. నాయన తప్పు చెబితే నేను పడీపడీ నవ్వేవాణ్ణి. నాయనా నవ్వేవాడు. అక్క మాత్రం నవ్వేది కాదు. ఎందుకో నాకు పెద్దయ్యాకే అర్థమైంది.

చదువు అయ్యాక ఇద్దరం రక్తపరీక్ష చేయించుకున్నాం. జబ్బు అక్కకు ఉంది. నాకు లేదు. ఆ రోజు బస్టాండులో అక్క నాకు మిర్చిబజ్జీలు తినిపించింది. "ఒక్కరికన్న తప్పింది తమ్మీ" అంది, మూతి తుడుచుకుంటూ. ఈ జబ్బుకు మందు నేనే కనిపెట్టాలి, అక్కను నా చేతులతోనే బతికించుకోవాలి అని ఆ బస్టాండులోనే అనుకున్నాను. ఎవరైనా కనిపెడితే చాలు అని అనుకోలేదు. నేనే అనుకున్నాను. ఈ కథలో జరిగిందంతా ఆ 'నేనే' వల్ల జరిగింది.

యాంటీబాడీలు మన ఒంట్లో కాపలావాళ్ళు. ఒక్కొక్కటి ఒక్క ఆకారాన్నే ఆనవాలు పట్టి, దాన్నే పట్టుకుంటుంది. మనకు కావలసినదాన్ని మాత్రమే పట్టుకునేలా వాటిని చెక్కడం మా పని. ఆరేళ్ళు చెక్కితే నాకొకటి దొరికింది. దానికి 'బాల-7' అని అక్క పేరే పెట్టాను. ముదిరిపోయిన జిగురును పట్టుకుని, విడగొట్టి, ఊడ్చేస్తుంది అది. కొత్తగా వంగుతున్న ప్రోటీన్‌ను మాత్రం పట్టుకోలేదు. అంటే ఇల్లు ఊడుస్తుందిగానీ చెత్త పడకుండా ఆపలేదు. ఇంకో రెండేళ్ళలో అదీ నేర్పిస్తాననుకున్నాను. ఈలోపు హైమ ఒంటెను తెచ్చింది.

ఒక ఆదివారం అక్క మా ఇంటికి వచ్చింది. అన్నాల దగ్గర కూర్చుని హైమ తన పని వివరించింది.

"మనుషుల యాంటీబాడీ పెద్దది వదినా. నరం పొరల్లో ఉండే సన్నటి సందుల్లోకి దూరలేదు. ఒంటె ఒంట్లో చిట్టిది ఒకటి తయారవుతుంది. అది ఎక్కడికైనా దూరిపోతుంది. ప్రోటీన్ వంగీ వంగకముందే పట్టుకోగలదు."

"అంటే దసర రద్దీల ట్రంకుపెట్టె వట్టుకొని బస్సెక్కుతనని లొల్లి వెట్టెటోడు మావోడు" అంది అక్క. "చేతిసంచి ఏసుకొని కిటికీలకెల్లి దూరి సీట్ల కూసునేటిది నీ ఒంటె. అంతేనా?"

"అంతే వదినా. ఇంత బాగా నేను కూడా చెప్పలేను."

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు కొట్టుకుంటూ నవ్వారు. నా తొమ్మిదేళ్ళ చాకిరీ ట్రంకుపెట్టె అయింది. నేనూ నవ్వాను. పప్పు వేసుకున్నాను. కడుపులో మంట మాత్రం పప్పుతో చల్లారేది కాదు.

హైమ మొదట మూడు చిట్టి యాంటీబాడీలు చేసింది. అవి మందులు కావు, చూడ్డానికి పనిముట్లు. వంగిన ప్రోటీన్ ఎన్నాళ్ళ కిందట వంగిందో అవి రంగుతో చెబుతాయి. నెలలోపు వంగినదాన్ని ఆకుపచ్చది పట్టుకుంటుంది. నెల దాటి నాలుగు నెలల్లోపుదాన్ని పసుపుది. అంతకంటే పాతదాన్ని ఎర్రది. సూదితో ఒంట్లోకి ఎక్కించి మెషిన్ కింద చేయి పెడితే, జబ్బు ఎప్పుడు ఏ వేలి దాకా వచ్చిందో తెర మీద కనిపిస్తుంది. ఇంతవరకూ ప్రపంచంలో ఎవరూ జబ్బు వయసును అలా చూడలేదు. మా డైరెక్టరు దేశికాచారి సార్ ఆ బొమ్మలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బాల-7 చూపించినప్పుడు ఆయన కూర్చునే ఉన్నాడు. నాకు అది కూడా గుర్తుంది.

తరవాత హైమ నాలుగోది చేసింది. అది మందు. వంగుతున్న ప్రోటీన్‌ను పట్టుకుని, తిరిగి చక్కబెట్టి వదిలేస్తుంది. అప్పటికి అక్క చిటికెన వేలూ, ఉంగరం వేలూ మొద్దుబారాయి. టికెట్ మెషిన్ మీటలు నొక్కుతుంటే ఏది నొక్కుతున్నదో తెలియడం లేదు. అక్క ఒక్కదానికి ఇవ్వడానికి ప్రత్యేక అనుమతి కూడా వచ్చింది. రెండు మందుల్లో ఏది అని తేలడమే మిగిలింది.

ఇప్పుడు ఆ శుక్రవారం సంగతి చెప్పాలి.

మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉంది. కోల్డ్‌రూమ్‌లో దాచే యాంటీబాడీలకు బూజు పట్టకుండా అజైడ్ అనే విషం ఒక చుక్క వేస్తాం. మామూలు పరీక్షలకు దానివల్ల నష్టం లేదు. బతికున్న కణాల మీద పోస్తే మాత్రం కణాలు చస్తాయి. కాబట్టి అజైడ్ వేసిన ట్యూబు మూత మీద నీలి చుక్క పెట్టాలి. చుక్క ఉంటే కణాల దగ్గరికి తీసుకుపోకూడదు. చుక్క లేకపోతే శుభ్రంగా ఉన్నట్టు. ఈ కట్టుబాటు పెట్టింది నేను. అజైడ్ సీసా నా బీరువాలో ఉంటుంది, ఇంకొకరి చేతికి ఇవ్వను. అది వేసేదీ నేనే, చుక్క పెట్టేదీ నేనే. పదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. మా వాళ్ళు లేబుల్ చదవడం మర్చిపోతారేమో గానీ, నా చుక్క కోసం చూడ్డం మర్చిపోరు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం హైమ తన నాలుగో యాంటీబాడీని శుద్ధి చేసి, మొత్తం ఒకే పెద్ద ట్యూబులో పోసి, తన అరలో చోటు లేక కోల్డ్‌రూమ్‌లో నా అరలో పెట్టింది. అంతలో చాందిని మేత ముట్టడం లేదని కబురొస్తే షెడ్డుకు పరుగెత్తింది. నేను నా పని మీద లోపలికి వెళ్ళాను. నా అరలో కొత్త ట్యూబు కనిపించింది. చేయి దానంతటదే పోయింది. మూత తీశాను, అజైడ్ చుక్క వేశాను, మూత పెట్టాను. మార్కర్ తీసి గీస్తే పడలేదు. ఎండిపోయింది. పైన నా బల్ల మీద కొత్తది ఉంది, తెచ్చి పెడదామని బయల్దేరాను. మెట్ల మీద దేశికాచారి సార్ ఎదురొచ్చాడు.

"మురహరీ, మీ ఆవిడ ఒంటె మన సంస్థ పేరు నిలబెట్టేలా ఉందయ్యా" అన్నాడు. "నువ్వు కూడా ఆ ఒంటె వైపు వచ్చేయరాదూ?"

ఒళ్ళు భగ్గుమంది. ఏదో ఒకటి గొణిగి, పైకెళ్ళి, బల్ల దగ్గర కూర్చుని ఆయనకు చెప్పాల్సిన సమాధానాలన్నీ మనసులో చెప్పుకున్నాను. సాయంత్రం దాకా చెప్పుకుంటూనే ఉన్నాను. మార్కర్ నా ముందే ఉంది. దాని సంగతి మళ్ళీ గుర్తుకు రాలేదు. ఇంతవరకు జరిగింది పొరపాటు. ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతాను.

శనివారం హైమ ఆ ట్యూబులోదాన్ని చిన్నచిన్న ట్యూబుల్లోకి పంచింది. సోమవారం పొద్దున దాన్ని నరాల కణాల మీద పోసింది. అవి అక్క కణాలే. అక్క చేతి చర్మం చిన్న ముక్క తీసి, దాన్నుంచి పెంచినవి. మంగళవారం పొద్దున మైక్రోస్కోప్ కింద చూస్తే అన్నీ చచ్చి, గుండ్రంగా ముడుచుకుపోయి తేలుతున్నాయి. పక్క గిన్నెలో బాల-7 పోసినవి మాత్రం బతికి ఉన్నాయి. హైమ మొహం పాలిపోయింది. నేను కూడా వంగి చూశాను. చూసిన నిమిషంలో నాకు తెలిసిపోయింది. శుక్రవారం, కోల్డ్‌రూమ్, ఎండిపోయిన మార్కర్ అన్నీ వరసగా గుర్తొచ్చాయి. చెబుదామని నోరు తెరిచాను. నిజంగా తెరిచాను.

"అయితే ఇది విషమన్నమాట" అన్నాడు వెనక నుంచి దేశికాచారి సార్. "మంచి ప్రయత్నమే హైమా. దీన్ని మనిషికి ఎక్కించలేం. మురహరి మందే ముందుకు పోనిద్దాం."

నేను నోరు మూసుకున్నాను.

ఆ క్షణం నాకు బాధ కలిగిందని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ కలిగింది సంతోషం. వేసవిలో కుండ నీళ్ళు తాగినట్టు గుండె చల్లబడింది. సార్ నా భుజం తట్టాడు. రేపు చెబుదాంలే అనుకున్నాను.

మధ్యాహ్నం హైమ నా బల్ల దగ్గరికి వచ్చింది. "శుక్రవారం నువ్వు కోల్డ్‌రూమ్‌కి వెళ్ళావా?" అని అడిగింది.

"రోజూ వెళ్తాను కదా."

"నా ట్యూబులో ఏమైనా వేశావేమోనని."

"మూత మీద చుక్క ఉందా?"

"లేదు."

"మరి?" అన్నాను.

హైమ తల ఊపింది. "అవున్లే. పిచ్చి అనుమానం. నువ్వు చుక్క పెట్టకుండా వేయవు" అని వెళ్ళిపోయింది. నేను అబద్ధం ఆడలేదు. రెండు ప్రశ్నలు అడిగి ఊరుకున్నాను, అంతే. ఆ తరవాత చాలా రోజులు ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆమె మిగతా చిన్న ట్యూబులతో మళ్ళీ రెండుసార్లు చేసింది. అన్నీ ఆ పెద్ద ట్యూబులోంచి పంచినవే కాబట్టి అన్నిటిలోనూ నేను వేసిన అజైడ్ ఉంది. ప్రతిసారీ కణాలు చచ్చాయి. మూడోసారి తరవాత ఆమె పని ఆపేశారు. చాందినిని ఎవరికైనా ఇచ్చేయమన్నారు. హైమ షెడ్డులో ఒంటె మెడకు ఆనుకుని నిలబడి ఉండడం కిటికీలోంచి చూశాను. కిటికీ పరదా లాగేసి పనిలో పడ్డాను.

అక్కకు బాల-7 ఎక్కించడం మొదలుపెట్టాం. వారం వారం ఆదివారం పొద్దున మా ఇంట్లో పాత ఆట మళ్ళీ మొదలైంది. ఇప్పుడు నా చేతిలో సన్నటి నైలాన్ దారం ఉంది. అక్క కళ్ళు మూసుకుంటుంది. నేను దారంతో వేలు తాకుతాను. నాలుగో వారంలో ఒక అద్భుతం జరిగింది.

"చిటికెన వేలు" అంది అక్క. వెంటనే కళ్ళు తెరిచింది. "తమ్మీ, తెలుస్తున్నది రా. చీమ పాకినట్టు తెలుస్తున్నది."

నేను లేచి ఇల్లంతా తిరిగాను. వంటింట్లో ఉన్న హైమకు వినబడేలా పెద్దగా నవ్వాను. హైమ చేతులు తుడుచుకుంటూ వచ్చి, అక్కను కావలించుకుని ఏడ్చింది. అసూయ అన్నది ఆ మనిషికి తెలియదు. అందుకు కూడా నాకు ఆమె మీద అసూయ వేసింది.

ఆ ఆదివారమే మధ్య వేలు తాకితే అక్క ఏమీ అనలేదు. రెండోసారి కాస్త గట్టిగా నొక్కాను. అప్పుడు చెప్పింది. నేను పుస్తకంలో 'ఫరవాలేదు' అని రాసుకున్నాను. నా మందు పాత జిగురును ఊడుస్తోంది. కొత్తది పక్క వేళ్ళలో పడుతూనే ఉంది. అలా అవుతుందని నాకు మొదటి నుంచీ తెలుసు. ఆరో వారంలో మధ్య వేలు పోయింది. ఏడో వారంలో చూపుడు వేలు తడబడింది. ప్రతి ఆదివారం సాయంత్రం రేపు చెబుతాననుకునేవాణ్ణి. ప్రతి సోమవారం సార్ నా బల్ల దగ్గర ఆగి, బాల-7 గురించి అడిగి వెళ్ళేవాడు. ఆయన అలా ఆగడానికి నేను తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను.

తొమ్మిదో వారం ఆదివారం అక్క జొన్నరొట్టెలు చేస్తానని వంటింట్లోకి వెళ్ళింది. హైమకు రొట్టె కొట్టడం రాదు. నేర్పిస్తానని పక్కన నిలబెట్టుకుంది. చప్పుడు వింటుంటే నాకు చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. కాసేపటికి వాసన వచ్చింది. పిండి మాడిన వాసన కాదది.

నేను వెళ్ళేసరికి హైమ అక్క చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టింది. రొట్టె తిప్పుతూ అక్క రెండు వేళ్ళు పెనానికి ఆనించి అలాగే ఉంచేసిందట. మధ్య వేలు, చూపుడు వేలు. కొసలు తెల్లగా ఉబ్బిపోయాయి. అక్క మొహంలో నొప్పి లేదు. అదే చూడలేకపోయాను.

"ముచ్చట్ల వడి సూడలే" అంది అక్క. "రొట్టె మాత్రం మాడలే పిల్లా, సూడు."

మర్నాడు పొద్దున్నే ల్యాబుకు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. దేశికాచారి సార్ గదిలో హైమ కూడా ఉంది. ఇద్దరూ నా వైపు చూశారు. నా నోటి నుంచి వచ్చింది మాత్రం ఇది:

"హైమ మందును ఇంకొక్కసారి కొత్తగా తయారుచేసి చూద్దాం సార్. మొదటి ట్యూబులో ఏదైనా కలిసి ఉండొచ్చు. నా మందు ఒక్కటే సరిపోవడం లేదు."

సార్ నా వైపు తిరిగాడు. "తన మందు సరిపోలేదని ఒప్పుకోవడానికి చాలా పెద్ద మనసుండాలి మురహరీ" అన్నాడు. సాయంత్రం పది మందిలో మళ్ళీ అదే మాట అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చే దారిలో హైమ కారు పక్కకు ఆపి నా చెయ్యి పట్టుకుంది. "నామీద నాకే నమ్మకం పోయింది. నువ్వు అడిగావు చూడు, ఈ జన్మకి మర్చిపోను" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. దొంగతనం చేసినవాడికి సన్మానం చేస్తే శాలువా ఎంత బరువుంటుందో నాకు తెలుసు.

కొత్తది తయారు కావడానికి రెండు వారాలు పట్టింది. ఈసారి ట్యూబును హైమ తన అరలో పెట్టింది. నేను ఆ గదిలోకే వెళ్ళలేదు. కణాల మీద పోశారు. ఒక్క కణం కూడా చావలేదు. వంగుతున్న ప్రోటీన్ ఎప్పటికప్పుడు చక్కబడింది. అక్కకు ఆ వారమే మొదలుపెట్టారు. చాందినిని ఇచ్చేయాల్సిన పని తప్పింది.

నాలుగు వారాలయ్యాక అక్క చేతికి మూడు రంగులు ఎక్కించి మెషిన్ కింద పెట్టారు. చీకటి గది. తెర మీద అక్క కుడిచెయ్యి, నరాలన్నీ సన్నటి గీతల్లా. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. అక్క కుర్చీలో ముందుకు వంగి చూసింది.

"మధ్య వేలుకు, సూపుడు వేలుకు పసుపు రాసినట్టున్నదేంది పిల్లా?"

హైమ తెర దగ్గరికి వెళ్ళింది. "ఎరుపు ఎక్కడా లేదు చూడండి వదినా. పాతదంతా మురహరి మందు తీసేసింది. అందుకే చిటికెన వేలూ, ఉంగరం వేలూ తిరిగొచ్చాయి. ఆకుపచ్చ కూడా లేదు. అంటే కొత్తగా వంగడం ఆగిపోయింది. ఇక మీ చేతి కంటే పైకి రాదు, గుండె దాకా రాదు. మీరు మాకు పుట్టబోయే పిల్లల పెళ్ళిళ్ళు కూడా చూస్తారు."

"మంచిదే. మరి పసుపుది?"

హైమ వచ్చి అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అది మధ్యలోది వదినా. నా మందు చక్కబెట్టలేనంత పాతది. మురహరి మందు పట్టుకోలేనంత కొత్తది. అది ముదిరాక మురహరి మందు తీసేస్తుంది. కానీ ఇది చిటికెన వేలిలోలా మెల్లగా పడలేదు, ఒక్కసారిగా కమ్మేసింది, అప్పటికి లోపల నరం ఉండదు. ఆ రెండు వేళ్ళు..." ఆగింది. "తిరిగి రావు."

"ఎప్పటిది అది?"

"జనవరి చివరి నుంచి ఏప్రిల్ రెండోవారం దాకా. పదకొండు వారాలు. అప్పుడు నా మందు చెడింది కదా, అప్పటిది. తప్పు నాదే వదినా. ఎక్కడ చెడగొట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. సరిగ్గా చూసుకుని ఉంటే మీ వేళ్ళు ఉండేవి. నన్ను క్షమించండి."

అక్క ఎడం చేత్తో హైమ తల నిమిరింది. "ఏడ్వకు పిల్లా. నువ్వేం గావాలని చేసినవా?"

తెర మీద ఆ పసుపు వెలుగు అలాగే ఉంది. నా తొమ్మిది వారాల మౌనం, దాని తరవాతి రెండు వారాలు, అక్క చేతిలో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో గీత గీసినట్టు కనిపిస్తున్నాయి. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. ఇంకో రోజు, ఇంకో సోమవారం అనుకునే ధైర్యం కూడా లేకపోయింది.

"అజైడ్ వేసింది నేను" అన్నాను.

హైమ తల తిప్పింది. "ఏంటి?"

"శుక్రవారం. నీ ట్యూబులో. అలవాటుగా వేశాను. మార్కర్ ఎండిపోయింది."

"మూత మీద చుక్క లేదు" అంది హైమ, నాకు కాదు, గాలికి చెబుతున్నట్టు. "నేను మూడుసార్లు చూశాను. బయట వెలుతురులోకి తీసుకెళ్ళి కూడా చూశాను." తరవాత లేచి నిలబడింది. "కణాలు చచ్చిన రోజు నీకు గుర్తులేదా?"

"గుర్తొచ్చింది."

"నేను వచ్చి అడిగినప్పుడు?"

నేను తల వంచుకున్నాను. కారు ఆపి నా చెయ్యి పట్టుకున్న రోజు ఆమెకు గుర్తొచ్చిందని మొహం చూస్తే తెలిసింది. పట్టుకున్న చేతిని చీర కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు సందులోంచి బయటి ఎండ కాసేపు పడి ఆగిపోయింది.

అక్కకు అజైడ్ అంటే ఏమిటో తెలియదు. నేను ఆమె ముందు కింద కూర్చున్నాను.

"హైమ మందు మొదటి నుంచే మంచిగున్నది అక్కా. పాడు చేసింది నేను. తెల్వక చేసిన. తెలిసినంక కూడా చెప్పలే. నీ వేళ్ళు పోతుంటే చూసుకుంట కూసున్న."

"ఎందుకురా?" అంది అక్క. తిట్టలేదు. బస్సులో దారి తప్పి ఎక్కిన పిల్లాణ్ణి ఎక్కడికి పోవాలని అడిగినట్టు అడిగింది.

"నా మందుతోనే నువ్వు బాగుపడాల్నని. హైమదాంతోని కాదు."

తిడుతుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. అక్క కుడిచెయ్యి తెచ్చి నా మోకాలి మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"ముట్టుకో. ఎంత వోయిందో నేను సూస్కోవాలె."

చిటికెన వేలు తాకాను. "చిటికెన" అంది. పక్కది తాకాను. "ఉంగరం వేలు" అంది. ఆ రెండు వేళ్ళూ నా మందు తిరిగి ఇచ్చినవే. ఆ మాటలు అక్క నోట వినడానికే నేను తొమ్మిదేళ్ళు బతికాను. ఇప్పుడు వింటుంటే చెవులు మూసుకోవాలనిపించింది.

తరవాత మధ్య వేలినీ చూపుడు వేలినీ కలిపి పట్టుకున్నాను. కొసల మీద పెనం కాల్చిన మచ్చలు ఇంకా పోలేదు. మొదట మెల్లగా పట్టుకున్నాను. తరవాత గట్టిగా, నా చేతికే నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాను. అక్క కళ్ళు మూసుకునే ఉంది. ఓపికగా ఎదురుచూస్తోంది.

"ఊఁ, ముట్టుకో తమ్మీ" అంది అక్క. "ఇంకెంతసేపు కూసోబెడతవు?"

అప్పటికే ఆ రెండు వేళ్ళూ నా పిడికిట్లో ఉన్నాయి.